శ్రీ శారదా పఠన వినోద సంఘానికి నేను కార్యదర్శిని కానని

కర్నూలు,
జూన్, 1954.

వినోద సంఘాల లైసెన్సుల ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
క్యాంపు: కొత్త రాజధాని గుడారాలు, వేపచెట్టుకు తాడు కట్టిన గుడారం.

కర్నూలు పాతపేట కాపురస్తులు, రిటైర్డు ఉపాధ్యాయులు దావీదురాజు గారి కుమార్తె కుమారి జ్ఞానమణి సమర్పించుకొను అర్జీ.

విషయం: నా పేరు మీద నడుచుచున్న పేకాట సంఘమును నేను నడుపుట లేదని తెలుపుకొనుట, సదరు సంఘమును మూసివేయవలెనని కోరుట – గురించి.

సూచిక: 1. ఇదే విషయమై నేను తమకు పంపిన మొదటి అర్జీ. 2. ఆ అర్జీపై తమరు నన్నే కోరిన సంజాయిషీ. 3. అర్జీలోనిదంతా నిజమేనని నేను ఇచ్చిన సంజాయిషీ.

అయ్యా,

ఈ ఉదయం మా సంఘం గేటు దగ్గర ఒక మేక ఆటీను రాణిని నములుతూ కనిపించింది. రాణి ముఖం అప్పటికే లోపలికి పోయింది, చేతిలోని పువ్వు మాత్రం బయట ఉంది. నన్ను చూసి మేక నమలడం ఆపింది. నేను ఏమీ అననని తెలుసుకొని మళ్ళీ మొదలుపెట్టింది. మా సంఘం గ్రంథ పఠనం కోసం ఏర్పడినదని తమ రికార్డులో ఉంది. అయితే ఇంతవరకు ఈ వీధిలో పుస్తకం నమిలిన మేకను ఎవరూ చూడలేదు. సంఘంవారు రోజూ కొత్త పేకలు విప్పి పాతవి గోడ అవతల పోస్తారు కనుక పేటలోని మేకలు వాటి మీదే బతుకుతున్నాయి. తమ తనిఖీదారు గారు ఆ గోడ పక్కనే సైకిలు ఆనించి, "పేకాట ఆనవాళ్ళు కనబడలేదు" అని నివేదిక రాసి వెళ్ళారు.

నాకు కలిగిన ఇబ్బంది ముందే మనవి చేసుకుంటాను. ప్రభుత్వ బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిగా నన్ను ఎంపిక చేశారు. పోలీసు వారి నుంచి నా ప్రవర్తన గురించి నివేదిక రావడమే తరువాయి. ఆ నివేదికలో "జూదగృహం కార్యదర్శి" అని పడితే నాకు ఈ జన్మలో బడి దొరకదు. నేను ఇంతవరకు పేకముక్కను చేత్తో పట్టుకోలేదు. కావున ఈ కింది సంగతులు తమ దృష్టికి తేవడమైనది.

1. గత సంవత్సరం దసరా తరువాత సదరు సంఘం వారు లైబ్రేరియను ఉద్యోగానికి "ఇంగ్లీషు వచ్చిన, పెళ్ళికాని, మంచి ఇంటి ఆడపిల్ల" కావలెనని ప్రకటించగా నేను దరఖాస్తు పెట్టుకొన్నాను. సంఘం మేనేజరు కంబన్న గారు నా సర్టిఫికెట్లను బల్ల మీద బోర్లించి పెట్టారు.

"ఆ వాకిట్లో నుంచి ఈ వాకిట్లోకి ఒగతూరి నడుసుకుంటా రామ్మా" అన్నారు.

నడిచాను. కాన్వెంటులో సిస్టర్లు మా తలల మీద పుస్తకం పెట్టి నడక నేర్పేవారు. ఎందుకో అప్పుడు తెలియలేదు. బహుశా ఇందుకే అనుకున్నాను.

"అడుగు నిదానంగా ఉండాది. తల వంచుకొనే ఉండాది. రేపే చేరు" అన్నారు కంబన్న గారు.

నన్ను ఒక్క పుస్తకం పేరైనా అడగలేదు. డబ్బున్నవాళ్ళకైతే అది అనుమానంగా తోచి ఉండును. మాకు అదృష్టంగా తోచింది.

చేరిన రోజు కొన్ని కాగితాల మీద సంతకాలు చేశాను. పై కాగితం చదివాను, అది నియామకపు ఉత్తరమే. కింది కాగితాలు కంబన్న గారి బొటనవేలి కింద ఉన్నాయి. వారి బొటనవేలు పెద్దది. పెద్దవాళ్ళ చేతిలోని కాగితం లాక్కొని చదవడం మా ఇంట్లో మర్యాద కాదు. పక్కన నిలుచున్న మా నాన్న కూడా "పెట్టమ్మా" అన్నారు. జీవితమంతా పిల్లలకు "చదివి సంతకం పెట్టండి" అని చెప్పిన మనిషి ఆయన.

2. సదరు సంఘం గ్రంథాలయము తెల్లదొరలు వెళ్ళిపోయేటప్పుడు వేలంలో తూకానికి కొన్న పుస్తకములతో ఏర్పడినది. గుర్రాల జబ్బుల మీద ఒక లావుపాటి గ్రంథం, ఇంగ్లండు పక్షుల బొమ్మలు, ఎవరో పాదిరి గారి ప్రసంగాలు, ఒక నవల రెండో సంపుటం ఉన్నాయి. మొదటి సంపుటంలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకొని రెండోది చదివాను. సభ్యులెవరూ ఇంతవరకు పుస్తకం అడగలేదు.

నాకు అప్పగించిన పని ఏమనగా, రోజూ ఎండ వాలే వేళకు లోపలి గది బీరువా నుంచి ఒక పుస్తకం తీసి, గేటుకు ఎదురుగా నడిచి వచ్చి, వరండాలోని బల్ల మీద పెట్టడం. తరువాత పెరటి దారిన లోపలికి పోయి, మరొక పుస్తకంతో మళ్ళీ రావడం. ఆ వేళకు గేటు బయట జీపులూ జట్కాలూ ఆగి ఉంటాయి. నేను వరండాలోకి వచ్చేదాకా ఎవరూ దిగరు. నాకు సిగ్గు ఎక్కువ. వారికీ సిగ్గేమో అనుకున్నాను.

అసలు సంగతి నన్ను ఇంటికి దింపే జట్కా గోపన్న చెప్పాడు.

"ఏమ్మా, ఈ పొద్దు ఆ నంద్యాల కంట్రాక్టరుకు నువ్వే ఎదురొచ్చినావంట గదా? శానా గెలిచినాడు. నాకు టీ గూడా తాపిచ్చినాడు."

"నేను ఎదురు రాలేదు గోపన్నా. పుస్తకం పెట్టడానికి వచ్చాను."

"దేనికొస్తే ఏమిలేమ్మా! పెండ్లిగాని ఆడబిడ్డ, చేతిలో సరస్వతి. అంతకంటే మంచి శకునం యాడుండాది? మొదట్లో కంబన్న ఆవును కడతామనుకున్యాడు గేటుకాడ. ఆవుకైతే మేత ఎయ్యాల, పేడ ఎత్తాల. నువ్వైతే నీ పాటికి నువ్వు చదువుకుంటా సల్లగా ఉంటావు."

ఆ రోజు నా చేతిలో ఉన్నది గుర్రాల కడుపునొప్పి గ్రంథం. ఆ సంగతి గోపన్నకు చెప్పాను.

"గుర్రం గూడా మంచి శకునమేమ్మా" అన్నాడు.

మా మతంలో శకునాలు లేవు. శకునాలు చూడరాదని మా నాన్న ఆదివారం బడిలో పాఠం కూడా చెబుతారు. తన కూతురే శకునమై జీతం తెస్తున్నదని తెలిసి ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, నడవడంలో పాపమేమీ లేదు గదా అని ఇద్దరం సమాధానం చెప్పుకున్నాము. అప్పుడే మానేసి ఉంటే ఈ అర్జీ రాసే అవసరం వచ్చేది కాదు.

3. మొన్న చైత్రంలో పత్తికొండ వైపు పల్లె నుంచి నాగలక్ష్మమ్మ అనే ఆమె వచ్చి, నేరుగా నా బల్ల ముందు నిలబడింది. కాళ్ళకు ఎర్రమట్టి. చెంగులో జొన్న రొట్టెలు కట్టుకొని వచ్చింది.

"సెగట్రీ అమ్మ యాడుండాది?"

"ఇక్కడ సెక్రటరీ అమ్మ ఎవరూ లేరమ్మా. నేను లైబ్రేరియన్ని."

"నువ్వేనంట గదా! గేటుకాడోడు చెప్పినాడు. సోడాలోడు చెప్పినాడు. బస్సులో కండక్టరు గూడా చెప్పె. ఊరందరికీ తెల్సు, నీ ఒక్కదానికే తెల్దా?"

ఆమె భర్త పేరు మారెన్న. వానలు పడకముందే కాడి ఎద్దులు అమ్మి, ఆ పైకంతో వచ్చి మా పేకాట హాల్లో కూర్చున్నాడట. ఇంటికి పోలేదు.

"వాన పడితే గొర్రు దేనికి కట్టేది? నా మెడకా?" అంది నాగలక్ష్మమ్మ. "సూస్తే దేవుని బిడ్డ మాదిరి ఉండావు. తలలో పూలు గూడా లేవు. ఈ పని ఎట్ల చేస్తాండావమ్మా నువ్వు? దుడ్లు వద్దు. ఎద్దులు ఎట్లనో పాయె. మనిసినన్నా పంపియ్యి."

నేను ఆనాటి వరకు హాలు గడప దాటలేదు. ఆ రోజు దాటాను. లోపల కడప బండ పరిచిన నేల, పొగ, ఒక్కో బల్ల చుట్టూ తొమ్మిది పది మంది. (తనిఖీ నాడు వీరందరూ బ్రిడ్జి ఆడుతున్నట్టు రాశారు. బ్రిడ్జి నలుగురి ఆట అని పుస్తకంలో చదివాను. తనిఖీదారు గారికి ఇంకేదైనా బ్రిడ్జి తెలుసేమో.) మారెన్నను గుర్తుపట్టడం కష్టం కాలేదు. అక్కడ చెప్పులు లేని మనిషి ఆయన ఒక్కడే.

"మీ ఆవిడ వచ్చింది, బయటికి రండి" అన్నాను.

మారెన్న తల ఎత్తి, నన్ను చూసి, ముక్కలు బల్ల మీద బోర్లించాడు.

"నువ్వు ఎదురొచ్చినావనే గదమ్మా కూసున్యాను" అన్నాడు.

అయినా లేచి నా వెంట బయటికి వచ్చాడు. నాగలక్ష్మమ్మ వరండాలోనే రొట్టెలు విప్పి అతనికి పెట్టి, చేయి పట్టుకొని తీసుకుపోయింది. ఎద్దులు లేకుండా పోయారు.

వాళ్ళు వెళ్ళాక నేను కంబన్న గారిని అడిగాను.

"అవునమ్మా, నువ్వే సెక్రటరీ. చెప్పలేదా నీకు? జీతం లైబ్రేరియనుకు, గౌరవం సెక్రటరీకి. రెండూ నీకే ఇస్తాంటిమి, ఇంకేం కావాల?" అన్నారు.

4. సదరు సంఘం కార్యవర్గ వివరములు తమ రికార్డులో ఉన్నవి గాని, వారి ఆరోగ్య పరిస్థితి లేనందున తెలుపుకొంటున్నాను. అధ్యక్షులు రిటైర్డు తహసీలుదారు గారు. వారికి చెవులు వినబడవు. ఏ కాగితమిచ్చినా పెన్షను కాగితమనుకొని సంతోషంగా సంతకం చేస్తారు. కోశాధికారి గారు కిందటి శివరాత్రికి శ్రీశైలం నడిచిపోతూ అడవిలో జ్వరం తగిలి కాలం చేశారు. అటుపిమ్మట వారు ఒక్క సమావేశానికి కూడా గైరుహాజరు కాలేదు.

ఈ సంఘం ఒంటరిది కాదు. కడపలో వ్యాయామ సంఘం ఒకటి, ఆదోనిలో భజన సమాజం ఒకటి ఉన్నాయి. కాగితాల మీద మూడింటికీ ముఖపరిచయం లేదు. కానీ ఆదోనిలో దాడి జరుగుతుందని పుకారు పుట్టినప్పుడు అక్కడి కుర్చీలు లారీలో మా దగ్గరికి వస్తాయి. వాటి వీపుల మీద "భజన" అని తెల్లరంగుతో రాసి ఉంటుంది. మా మీద పుకారు పుడితే మా బల్లలు కడపకు పోయి వ్యాయామం చేస్తాయి. కడపలో కసరత్తు, ఆదోనిలో భజన, కర్నూలులో చదువు. మూడు చోట్లా జరిగేది మూడుముక్కలాట. ఎక్కడ ఏ మేనేజరును ఏమడిగినా ఒకటే జవాబు, "తోటలో అడగాల."

రాజీనామా ఇచ్చాను. దాన్ని కార్యవర్గం ఆమోదించాలన్నారు. కార్యవర్గాన్ని కార్యదర్శి పిలవాలన్నారు. పిలిచాను. అధ్యక్షులు వచ్చి నిద్రపోయారు. కోశాధికారి గారు, వారి పద్ధతిలో, హాజరయ్యారు. నా సేవలను కొనియాడుతూ తీర్మానం జరిగిందని మరునాడు కంబన్న గారు చెప్పారు. రాజీనామా సంగతి అడిగితే, "అది తోటలో అడగాల" అన్నారు.

5. అంతట గత్యంతరం లేక తమకు మొదటి అర్జీ పంపుకొన్నాను. అందులో నా పేరు ఒక్కటి తీసివేయమని మాత్రమే కోరాను. కొద్ది రోజులకు తమ కార్యాలయం నుంచి సంఘం కార్యదర్శి పేర ఒక కవరు వచ్చింది. విప్పి చూస్తే నా అర్జీయే. "ఈ అర్జీదారు తమపై చేసిన ఆరోపణలకు సంజాయిషీ ఇవ్వవలెను" అని పైన ఎర్రసిరాతో రాసి ఉంది.

ఇచ్చాను. "అర్జీదారును నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఆమె చెప్పినదంతా నిజము" అని రాశాను.

దానిపై అధ్యక్షుల సంతకం లేదని తిప్పి పంపారు. అధ్యక్షుల చేత సంతకం చేయించాను. పెన్షను పెరిగిందా అని అడిగారు. ఆ కాగితం పంపిన తరువాత తమ వద్ద నుంచి ఏ కబురూ లేదు. గుడారాల్లో గాలి ఎక్కువని, అర్జీలు ఎగిరిపోయి తుంగభద్ర ఇసుకలో పడుతున్నాయని ఊళ్ళో అనుకుంటున్నారు. అందుచేత ఈ అర్జీతో పాటు ఒక కడప రాతి ముక్క జతపరిచాను. దయచేసి దాన్ని అర్జీ మీద పెట్టవలెను. రాయిని సంజాయిషీ కోసం నాకు తిప్పి పంపనవసరం లేదు.

6. తమ నుంచి జవాబు రానందున నేను స్వయంగా ఒక ప్రయత్నం చేసినమాట వాస్తవం. అది తమకు వేరొకరి ద్వారా తెలియడం మంచిది కాదు కనుక నేనే చెబుతున్నాను. తుమ్మాను.

ఎదురు రావడానికి పెట్టుకొన్న మనిషి అపశకునమైతే తీసేస్తారు గదా అని నా ఆలోచన. మా నాన్న ముక్కుపొడి డబ్బీ నుంచి చిటికెడు తీసుకొని, పుస్తకంతో వరండాలోకి వచ్చి, సరిగ్గా నంద్యాల కంట్రాక్టరు గారు జీపులో నుంచి కాలు కింద పెట్టే సమయానికి ఒక్కసారి తుమ్మాను. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. వెనక జట్కాలో ఉన్నవారు దిగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ జట్కా ఎక్కి, వీధి చుట్టి వచ్చారు. మళ్ళీ ఒక్కసారే తుమ్మాను.

కంబన్న గారు పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"తుమ్మితే తుమ్మినావు, రెండోది గూడా తుమ్మి చావమ్మా! ఒంటితుమ్ము తుమ్మి కొంప ముంచితివే!"

"తుమ్ము మన చేతిలో ఉందా కంబన్న గారూ. మీరు నన్ను తీసేయవచ్చు."

తీసేయలేదు. మరునాడు నంద్యాల కంట్రాక్టరు గారు తెల్లటి పంచె కుచ్చిళ్ళు చేత్తో పట్టుకొని గ్రంథాలయంలోకి వచ్చారు. ఒక సభ్యుడు గ్రంథాలయంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. లేచి నిలబడ్డాను.

"పాపా, ఆ గుత్తాయన దిగేటప్పుడు ఒగటి. నేను దిగేటప్పుడు రొండు. మర్చిపోవు గదా?" అన్నారు.

సాయంత్రానికి గుత్తి నుంచి వచ్చి ఆడే ఆ గుత్తాయన కూడా వచ్చారు. ఆయన కోరిక దీనికి తిరగేసినది. వారం తిరగకముందే ఎవరికి ఒంటితుమ్ము, ఎవరికి జోడు తుమ్ము అనే విషయమై గేటు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకున్నారు. ఒకరి మీద ఒకరు మా గ్రంథాలయం పుస్తకాలే విసురుకున్నారు. పక్షుల పుస్తకం అట్ట ఊడింది. నేను తుమ్మకపోయినా తుమ్మానని కొందరు, తుమ్మినా అది దగ్గు అని కొందరు వాదించారు. ముక్కు పుండుపడి నేను మానేశాను. ఆట చెడిందని తోట నుంచి కబురు వచ్చింది.

7. సదరు తోట కడపకు ఇవతల పెన్న ఒడ్డున ఉన్న చీనీ తోట, అనగా బత్తాయి తోట. జీపు పంపి నన్నూ మా నాన్ననూ పిలిపించారు. ఆ పెద్దమనిషి పేరు నేను రాయడం లేదు. రాస్తే ఈ కాగితం తమ బల్ల దాకా రాదని గోపన్న చెప్పాడు. నులకమంచం మీద కూర్చొని, చీనీ కాయ తొక్కను తెగకుండా తీస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో ఉన్నవి చేతికర్రలు కావు. మా నాన్నను చూసి లేచి నిలబడ్డారు.

"కూసోండి అయ్యవారూ. గుర్తుపట్టినారా? మీ చేత బెత్తం దెబ్బలు తిన్నోన్ని."

"సరిగ్గా తినలేదు నాయినా" అన్నారు మా నాన్న.

ఆ పెద్దమనిషి నవ్విన తరువాతనే మిగిలినవాళ్ళు నవ్వారు.

"మా పాప పేరు నీకెందుకు నాయినా? నీ సంఘాలకు నీ పేరు పెట్టుకోగూడదా?" అన్నారు మా నాన్న.

"నా పేరు మీద ఏముండాది అయ్యవారూ! ఈ తోట మా బామ్మర్దిది. ఆ జీపు మా చిన్నాయన అల్లునిది. ఈ మంచం గూడా మా సేద్యగానిది, రేయికి అడిగి తీసుకపోతాడు. ఈ మీసం ఒగటే నాది. ఏ ఆపీసరొచ్చినా దీన్ని జప్తు చేసుకోమనండి." చీనీ తొన ఒకటి మా నాన్న చేతిలో పెట్టారు. "మా పేరు ఏ కాగితం మీద పెట్టినా పోలీసోడు ముందు ఆ కాగితమే చదువుతాడు. మీ పేరు పెడితే చదవకుండానే ముద్ర ఏస్తారు. ఈ సీమలో అబద్ధమాడని ఇల్లు ఏదంటే అయ్యవారి ఇల్లంటారు. ఆ పేరుకు శానా విలువ ఉండాది. మీరు వాడుకోలేదు. నేను వాడుకుంటాండా."

నేను పరాయి మగవాళ్ళ ముందు మాట్లాడే మనిషిని కాను. తరగతిలో జవాబు తెలిసినా చేయి ఎత్తేదాన్ని కాదని సిస్టర్లు నా ప్రోగ్రెసు కార్డులో రాసేవారు. ఆ రోజు మాత్రం గట్టిగానే అన్నాను.

"నా పేరు తీసేయండి."

"పాప మాట్లాడుతుందే!" అన్నారు ఆయన, సంతోషంగా. "తీసేస్తా బిడ్డా. నీ మీద నాకేమన్నా పగనా? పైగా నీ తుమ్ములతో పడలేకపోతాండాము. అయితే కాగితంలో ఆ చోటు ఖాళీగా ఉండగూడదు. అట్లాంటిదే ఇంకొగ పేరు తెచ్చియ్యండి. అదే పొద్దు నీది తీసేపిస్తా."

ఈ మాట నాతో చెప్పినా, చూసింది మా నాన్న వైపు.

మా నాన్న చీనీ తొనను మంచం మీద పెట్టి, లేచి నడిచారు. చెప్పులు అక్కడే వదిలేశారు. ఎండకు కాలిన ఆ నేల మీద రోడ్డు దాకా వట్టి కాళ్ళతోనే నడిచారు. నేను వెనకాల నడిచాను. మా వెనకాల జీపు మెల్లగా వచ్చింది, ముందు సీటు మీద ఆయన చెప్పులు పెట్టుకొని. ఆయన దాన్ని ఎక్కలేదు. బస్సులోనే కర్నూలు చేరుకున్నాము.

పై సంగతులను బట్టి నేను కోరుకునేది ఏమనగా:

శ్రీ శారదా పఠన వినోద సంఘం రిజిస్ట్రేషనును, దానితోపాటు కడప వ్యాయామ సంఘాన్ని, ఆదోని భజన సమాజాన్ని శాశ్వతంగా రద్దు చేయవలెను. కార్యదర్శి పేరు మార్చి సంఘాన్ని కొనసాగించడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ అనుమతించరాదు. ఎవరైనా కొత్త పేరుతో దరఖాస్తు తెస్తే, ఆ పేరుగల మనిషిని తమ ఎదుటికి పిలిపించి, ఈ సంఘం ఏం చేస్తుందో నీకు తెలుసా అని తమరే అడగవలెను. అడిగేటప్పుడు కంబన్న గారి బొటనవేలు గుడారం బయట ఉండవలెను.

నా ప్రవర్తన గురించి పోలీసు వారు అడిగితే, తుమ్ములు మినహా నా మీద ఏ నేరమూ లేదని తమరు తెలపవలెను. హాల్లో చూసినదంతా ఎవరి ముందైనా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. తమరు ఏ రోజున పిలిస్తే ఆ రోజున వస్తాను. మాట్లాడేటప్పుడు నా గొంతు వణుకుతుంది, దానిని అబద్ధంగా భావించరాదు.

ఈ అర్జీని మళ్ళీ సంజాయిషీ కోసం కార్యదర్శికి పంపితే ఇదే జవాబు వస్తుంది. తపాలా ఖర్చు దండగ. తమరే మొదటి నుంచి చివరి దాకా చిత్తగించి, చిత్తగించినట్టు ఒక్క ముక్క రాయవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమకు మాత్రమే విధేయురాలు,
జ్ఞానమణి,
లైబ్రేరియను.

జత: రాయి ఒకటి.

తా.క. నా పేరు ఒక్కటి తీసేయమని అడిగితే తమకు ఒక సంతకంతో పోయే పని. మూడు సంఘాలనూ మూసేయమనడం ఎందుకని తమరు అనుకోవచ్చు. మొదటి అర్జీలో నేను అడిగింది ఆ ఒక్కటే. తోట నుంచి వచ్చిన తరువాత మార్చుకున్నాను. నాకొక చెల్లెలు ఉంది. కాన్వెంటు చదువు ముగించుకొని ఈ శనివారం కడప బస్సులో వస్తున్నది.